చూడబడింది

శుక్రవారం శుక్రవారం
కళింగపట్నం బస్సులో వచ్చేవారు.
ఏడురోడ్ల కూడలిలో దిగి
మా డీటీపీ షాపు మూడు మెట్లూ
ఓడ నిచ్చెన ఎక్కినట్టు ఎక్కేవారు, రెండు చేతులా పట్టుకుని.
సంచిలో ఆకుపచ్చ అట్ట రిజిస్టరు.
దాని మీద గుండ్రటి దస్తూరీ:
కమాండర్ సూరాడ ధనుంజయ, విశ్రాంత.

పేజీకి పదిహేను రూపాయలు.
బేరమాడలేదు.
"అచ్చుతప్పులుంటే మునిగిపోతాం" అన్నారంతే.

ముప్పై ఒక్క ఏళ్ళు నీళ్ళ మీద.
కొచ్చిన్, పోర్ట్ బ్లెయిర్, ఏడెన్, మొంబాసా.
నేను పలాస దాటి ఎరగను.
ఆయన చూసిన తుఫాన్లన్నీ
నా పది వేళ్ళ కిందనుంచే వెళ్ళాయి.

వాక్యాలు మాత్రం బిగుసుకుపోయి ఉండేవి.
"సున్నా నాలుగు ముప్పైకి దీపం చూడబడింది."
"లంగరు ఎత్తబడింది."
సార్, తెలుగులో ఇలా అనరండీ,
దీపాన్ని ఎవరో ఒకరు చూస్తారు కదా, అన్నాను.
లాగ్‌బుక్‌లో మనిషి ఉండడమ్మా, అన్నారు.
ఎవరు చూశారన్నది కాదు, ఎన్నింటికన్నదే లెక్క.
రెండువందల పేజీలు కొట్టాను.
ఒక్క "నేను" తగల్లేదు.

ఒక్కోసారి మాట దొరక్క ఆగిపోయేవారు.
ఓడలో ప్రతి మోకుకీ, ప్రతి ముడికీ ఇంగ్లీషు పేరు తెలుసు.
తండ్రి తెప్ప మీద వాటికున్న పేర్లు
పదిహేడో ఏట రైలెక్కుతూ
ఆమదాలవలస ప్లాట్‌ఫారం మీద మర్చిపోయారట.
అందుకని బందరువానిపేట పోయి
కవ్వళ్ళు ఎండబెట్టుకునే మైలపల్లి పోలమ్మ పక్కన
ఇసకలో కూచుని అడిగి రాసుకొచ్చేవారు.
"ఏటి బావూ, ఇంత సదివినోడివి, పోటూ పాటూ తెల్దా?"
ఆకాశంలో అదేటి అని ఆవిడ ఎదురడిగితే
ఓరియన్ అనబోయి నాలుక్కరుచుకున్నారట.
గొల్లకావిడి.
ఆ వారం ఆ ఒక్క మాటనే
నాలుగుచోట్ల దిద్దించారు.

ఏడో అధ్యాయం మూడుసార్లు తెచ్చారు,
మూడుసార్లూ పట్టుకుపోయారు.
నాలుగోసారి బల్ల మీద పెట్టి
కుర్చీ గుమ్మం వైపు తిప్పుకున్నారు.
మార్గశిరం. మంచు. పదహారు నాట్ల వేగం.
బ్రిడ్జి మీద ఆయన కాపలా.
దీపం లేని తెప్ప, ఇద్దరు మనుషులు.
"తెప్ప సకాలంలో చూడబడలేదు."

చేతులు ఆపేశాను.
ఎవరిచేతండీ?

ఫ్యాను తిరుగుతోంది.
కింద చెరుకురసం బండి గంట.
చాలాసేపటికి లేచి, నా పెన్ను తీసుకుని
ఆ వాక్యం మీద అడ్డంగా గీత లాగారు.
పైన చిన్న అక్షరాలు:
చూసేను.
కాసేపాగి, పక్కనే:
చూసేసరికి దగ్గరైపోనాది.

దస్తూరీ అదే, గుండ్రంగా.
భాష మాత్రం వాళ్ళమ్మది.

ప్రూఫులు చూసే మాస్టారు "చూశాను" అని దిద్దారు.
నేను వెనక్కి మార్చాను.
ఆయన మళ్ళీ దిద్దారు.
ఫైలు ప్రెస్సుకి పంపే రాత్రి
షట్టరు సగం దించుకుని ఆఖరిసారి మార్చాను.
ఈ ఉద్యోగంలో నేను చేసిన దొంగతనం అదొక్కటే.

మూడువందల కాపీలు.
ఒకటి పోలమ్మకి పట్టుకెళ్ళారు. ఆవిడకి చదువు రాదు.
"ఏ పేజీలో ఉన్నాన్రా నాను?" అని అడిగి
ఆ పేజీ మడత పెట్టుకుంది.

మొన్న శుక్రవారం మళ్ళీ వచ్చారు.
ఈసారి ఎర్ర అట్ట.
మొదటి వరుసలో గడియారం లేదు, అక్షాంశం లేదు.
"పొద్దు పొడవకముందే మా అయ్య లేపీసినాడు."
తరవాతంతా తెల్లకాగితం.
ఇంతేనా సార్?
ఇప్పటికింతే వచ్చిందమ్మా, పేజీ డబ్బులు తీసుకో.

ఆయన వెళ్ళాక కొడదామని కూచుంటే
ఒక కీ దిగడం లేదు.
కీబోర్డు బోర్లించి తట్టాను.
బల్ల మీద చిటికెడు రాలింది,
కళింగపట్నం ఇసక.